హార్డీ నవలల్లో విధి ఎంత, చట్టం ఎంత?

టెస్ తండ్రి జాన్ డర్బీఫీల్డ్ చనిపోయినప్పుడు ఆ కుటుంబానికి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఇంటి పెద్ద పోయాడు, ఇల్లూ పోయింది. వాళ్ళుంటున్న ఇంటి కౌలు ముగ్గురి ఆయుష్షు మీద రాసుకున్నది. ఆ ముగ్గురిలో చివరివాడు బతికున్నంత కాలమే ఇల్లు వాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ చివరివాడు జాన్. అతను కన్నుమూయగానే కౌలు చెల్లిపోయింది. ఏప్రిల్ 6న, ఆ ప్రాంతంలో కూలీలంతా ఊళ్ళు మారే రోజున, తల్లీ పిల్లలూ సామాను బండికెత్తుకుని బయల్దేరతారు. వెళ్ళిన ఊళ్ళో ముందుగా మాట్లాడుకున్న గదులు అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మంచాలూ గిన్నెలూ చర్చి గోడ పక్కన దించుకుని ఆ రాత్రి అక్కడే ఉండాల్సి వస్తుంది. వాళ్ళకి నీడ ఇస్తానని ముందుకొచ్చినవాడు అలెక్, కొన్నేళ్ళ కిందట టెస్ బతుకు నాశనం చేసిన మనిషి. తల్లి కోసం, చెల్లెళ్ళూ తమ్ముళ్ళ కోసం టెస్ అతని దగ్గరికి వెళ్తుంది. ఆ తర్వాతే భర్త ఏంజెల్ తిరిగి రావడం, అలెక్ హత్య, ఉరికంబం.

'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్' చదివిన ఎవరినైనా ఆ అమ్మాయి ఎందుకు చనిపోయిందని అడిగి చూడండి. విధి అంటారు. మన దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి థామస్ హార్డీ పేరు వినగానే నోట్సుల్లో అండర్‌లైన్ చేసుకున్న 'ఫేటలిజం' గుర్తొస్తుంది. హార్డీ అంటే మనుషులతో ఆడుకునే కనిపించని శక్తి, తప్పించుకోలేని తలరాత, చివర్లో చావు. పరీక్షలో మార్కులకి ఇది చాలు. కాని నవలలు దగ్గర పెట్టుకుని, ఏ సంఘటన తర్వాత ఏది జరిగింది, ఎందుకు జరిగింది అని వరసగా చూసుకుంటూ పోతే వేరే సంగతి బయటపడుతుంది. ఆ కథల్ని ముందుకు తోసేవి చాలావరకు కౌలు కాగితాలు, విడాకుల చట్టం, ధాన్యం ధరలు, కూలీల సంతలు, కాలేజీ తలుపులు. హార్డీ వాటిని ఎంతో జాగ్రత్తగా, ఒక్కోసారి ఒక పల్లెటూరి గుమాస్తాకుండే పట్టింపుతో రాశాడు. మనం వాటిని దాటేసి ఆకాశం వైపు చూస్తున్నాం.

మూడు ప్రాణాల కౌలు

హార్డీ 1840 జూన్ 2న నైరుతి ఇంగ్లండ్‌లోని డార్సెట్ జిల్లాలో, డార్చెస్టర్ పట్టణానికి దగ్గర్లో ఉన్న హయ్యర్ బాక్‌హాంప్టన్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. మట్టిగోడలు, గడ్డి కప్పు ఉన్న ఆ ఇంటిని 1800 ప్రాంతంలో అతని ముత్తాత కట్టించాడు. తండ్రి తాపీమేస్త్రీ, చిన్న కాంట్రాక్టులు చేసేవాడు. చర్చిలో వయొలిన్ వాయించేవాడు. తల్లి జెమైమా పెళ్ళికి ముందు పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వంటపని చేసింది. ఆమె చిన్నతనం చర్చి పరిధిలోని పేదలకిచ్చే సాయం మీద గడిచింది. ఈ కుటుంబం పొలం కూలీల కుటుంబం కాదు, భూమి ఉన్న కుటుంబమూ కాదు. మధ్యలో వేలాడే రకం. ఆ మధ్య మెట్టు మీద నిలబడటానికి వాళ్ళకున్న ఆసరా ఆ ఇల్లు. ఆ ఇల్లూ మూడు ప్రాణాల కౌలు మీదే ఉంది.

ఈ కౌలు ఎలా నడిచేదో తెలియకపోతే హార్డీ నవలల్లో సగం టెన్షన్ మనకి అందదు. జమీందారు దగ్గర చిన్న స్థలం తీసుకుంటారు. మొదట కొంత సొమ్ము కడతారు, ఏటా ఇచ్చే అద్దె నామమాత్రం. ఇల్లు మాత్రం సొంత ఖర్చుతో కట్టుకోవాలి. కాగితంలో ముగ్గురి పేర్లు రాస్తారు, సాధారణంగా తండ్రి, కొడుకు, మనవడు లాగా. ముగ్గురూ పోయాక స్థలంతో పాటు ఇల్లు కూడా జమీందారుదే. ఒకరు పోయినప్పుడు మళ్ళీ కొంత సొమ్ము కట్టి కొత్త పేరు చేర్చుకోవచ్చు, కాని దానికి జమీందారు ఒప్పుకోవాలి. తరాల పాటు ఒప్పుకుంటూ వచ్చారు. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ ఒప్పుకోవడం తగ్గింది. పెద్ద రైతులకి తమ కూలీల్ని పెట్టుకోవడానికి ఇళ్ళు కావాలి. ఊళ్ళో స్వతంత్రంగా బతికే వడ్రంగి, కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, చిల్లర వ్యాపారి ఉంటే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. అలాంటివాళ్ళు ఎవరిచ్చే వారపు జీతం మీదా ఆధారపడరు కాబట్టి ఎవరికీ తలొంచరు కూడా.

టెస్ తండ్రి అలాంటి చిల్లర వ్యాపారి. ఆ కౌలు ముగిసిన ఘట్టంలో హార్డీ కథ ఆపి మరీ ఈ మార్పు గురించి రాస్తాడు. ఊరికి వెన్నెముకలా ఉన్న ఈ మధ్యతరగతి ఇళ్ళు ఖాళీ అవుతున్నాయని, దీన్ని గణాంకవేత్తలు 'పల్లె జనం పట్నాల వైపు మొగ్గు చూపడం' అంటారని, యంత్రం పెట్టి తోస్తే నీళ్ళు ఎగువకి పారడం ఎలాంటి మొగ్గో ఇదీ అలాంటిదేనని అంటాడు. ఆ వాక్యంలో కోపం ఉంది. విధిని నమ్మే మనిషికి అలాంటి కోపం రాదు. ఎవరు తోస్తున్నారో తెలిసినవాడికే వస్తుంది.

ఇది నవల కోసం అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కూడా కాదు. 1883లోనే 'లాంగ్‌మన్స్ మ్యాగజైన్'లో డార్సెట్ కూలీల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. కూలీల సంతల్లో ఏడాది పనికి ఒప్పందాలు ఎలా కుదురుతాయో, ఏటేటా ఇళ్ళు మారడం వల్ల పిల్లల చదువులు ఎలా చెడతాయో, కౌలు చెల్లిపోయిన ఇళ్ళవాళ్ళు ఎక్కడికి పోతున్నారో అందులో ఉంది. ఆ జిల్లా చరిత్రే అలాంటిది. కూలి తగ్గించవద్దని సంఘం పెట్టుకుని, రహస్య ప్రమాణం చేశారన్న నేరం మీద ఆరుగురు కూలీల్ని ఆస్ట్రేలియాకి పంపించేశారు. 1834లో ఆ విచారణ జరిగింది డార్చెస్టర్‌లోనే. వాళ్ళ ఊరు టాల్‌పడిల్, హార్డీ పుట్టిన చోటికి కొద్ది మైళ్ళ దూరం.

మూడు ప్రాణాల కౌలు ఇంకో నవలలో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 1887లో వచ్చిన 'ది ఉడ్‌లాండర్స్'ని మన దగ్గర తక్కువమంది చదువుతారు. హార్డీ రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. అడవి పక్క పల్లె. గైల్స్ వింటర్‌బోర్న్ అనే యువకుడు, చెట్లు నాటడంలో, యాపిల్ రసం తీయడంలో మంచి పనివాడు. అతని ఇళ్ళన్నీ జాన్ సౌత్ అనే ముసలాయన ప్రాణం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ముసలాయనకి ఇంటి ముందున్న ఎల్మ్ చెట్టు తన మీద పడి చంపేస్తుందని భయం. చెట్టు ఊగుతుంటే కిటికీలోంచి చూస్తూ వణికిపోతుంటాడు. కొత్తగా వచ్చిన డాక్టర్ ఫిట్జ్‌పియర్స్ చెట్టు కొట్టించేయమంటాడు. కొట్టేస్తారు. తెల్లారి లేచి చూసిన ముసలాయన చెట్టు ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశం కనిపించేసరికి బెదిరిపోయి, ఆ సాయంత్రానికి చనిపోతాడు. గైల్స్ ఇళ్ళు ఎస్టేట్ యజమానురాలు మిసెస్ చార్మండ్‌కి పోతాయి.

ఆమె కావాలంటే కౌలు పొడిగించవచ్చు. పొడిగించదు. అంతకుముందు ఇరుకు దారిలో కలప బండి తోలుకుంటూ ఆమె బగ్గీకి దారి ఇవ్వని మనిషి గైల్సేనని ఆమెకి గుర్తుంది. ఇళ్ళు పోయినవాడికి పిల్లనివ్వడానికి, గైల్స్ పెళ్ళాడాలనుకున్న గ్రేస్ తండ్రి మెల్‌బరీ వెనకాడతాడు. గ్రేస్ పెళ్ళి ఆ డాక్టర్‌తోనే అవుతుంది. చెట్టు, ముసలాయన భయం మన మనసులో నిలిచిపోతాయి, ఎందుకంటే హార్డీ వాటిని అంత బాగా రాశాడు. కాని గైల్స్‌ని నిలువ నీడ లేకుండా చేసింది చెట్టు కాదు. ఒక ముసలాయన ప్రాణానికి, ఒక యువకుడి ఆస్తికి ముడిపెట్టిన దస్తావేజు, దాన్ని పొడిగించనన్న యజమానురాలి కక్ష.

విడాకులకి సరిపోని బాధ

'ఉడ్‌లాండర్స్'లో రెండో చట్టం అక్కడి నుంచి మొదలవుతుంది. డాక్టర్ ఫిట్జ్‌పియర్స్ భార్యని వదిలేసి మిసెస్ చార్మండ్‌తో విదేశాలకి వెళ్ళిపోతాడు. అప్పుడే ఒక పాత లాయరు గుమాస్తా వచ్చి, కొత్త చట్టం వచ్చిందని, ఇప్పుడు మామూలు మనుషులకి కూడా విడాకులు దొరుకుతాయని మెల్‌బరీకి ఆశ పెడతాడు. అతను చెప్పింది 1857 నాటి చట్టం గురించి. అంతకుముందు ఇంగ్లండ్‌లో పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక బిల్లు పాస్ చేయించుకోవాలి. అది శ్రీమంతులకే సాధ్యం. కొత్త చట్టంతో కోర్టులకి ఆ అధికారం వచ్చింది. అయితే అందులో ఒక మెలిక ఉంది. భార్య వ్యభిచరించిందని రుజువైతే భర్తకి విడాకులు ఇస్తారు. భార్యకి మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోదు. దానికి తోడు క్రూరంగా హింసించడమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో, అలాంటిది ఇంకేదో రుజువు కావాలి.

పల్లెటూరి కలప వ్యాపారికి ఈ మెలిక తెలియదు. కూతురికి విముక్తి వచ్చేసినట్టేనని నమ్మి లండన్ వెళ్తాడు. ఈలోగా గ్రేస్, గైల్స్ మళ్ళీ ఆశ పెట్టుకుంటారు. చివరికి తేలిందేమిటంటే, విడాకులు ఇవ్వడానికి సరిపోయేంత బాధ ఆ భర్త ఆమెని పెట్టలేదట. తర్వాత భర్త తిరిగి వస్తున్నాడని తెలిసి గ్రేస్ అడవిలో గైల్స్ గుడిసెకి పారిపోతుంది. ఆమె ఇంకా వేరొకరి భార్య కాబట్టి ఆమె పేరు చెడకూడదని గైల్స్ గుడిసె ఆమెకి వదిలేసి, జ్వరంతో ఉన్నా వానలో ఆకుల కింద పడుకుంటాడు. ఆ జ్వరమే అతని ప్రాణం తీస్తుంది. నవల మొదటినుంచి లెక్క కడితే గైల్స్‌ని కౌలు ఒకసారి, విడాకుల చట్టం ఇంకోసారి దెబ్బతీశాయి. ఈ రెండింటినీ తీసేసి ఆ కథ రాయడానికి ప్రయత్నిస్తే కథే ఉండదు.

1886లో వచ్చిన 'ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్' మొదటి అధ్యాయంలో మైకేల్ హెంచర్డ్ సంతలో తాగిన మత్తులో భార్యని, పసిపిల్లని ఒక నావికుడికి ఐదు గినీలకి అమ్మేస్తాడు. చదివినవాళ్ళలో చాలామంది ఇది రచయిత ఊహ అనుకుంటారు. కాదు. చట్టం ఒప్పుకోకపోయినా ఇంగ్లండ్ పల్లెల్లో ఈ ఆచారం నిజంగా ఉండేది. కోర్టులో విడాకులు దొరికే దారే లేనప్పుడు బీదవాళ్ళు బహిరంగంగా చేసుకున్న మొరటు ఏర్పాటు అది. హార్డీ డార్సెట్ పాత పత్రికల ఫైళ్ళు తిరగేసి అలాంటి వార్తలు నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాడు. హెంచర్డ్ పతనం కూడా అంతే లెక్కగా ఉంటుంది. 1846లో ధాన్యం దిగుమతి సుంకాల చట్టాలు రద్దు కాకముందు ఆ ప్రాంతంలో ఒక్క సీజన్ వాన ధరని తారుమారు చేసేది. హెంచర్డ్ వాన పడుతుందని పందెం కాసినట్టు ధాన్యం కొంటాడు, ఎండ కాస్తుంది, భయపడి తెగనమ్ముతాడు, వెంటనే వాతావరణం మారుతుంది. ముందుమాటలోనే హార్డీ ఈ ధాన్యం వ్యాపారం సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలని చెప్పాడు.

మరి యాదృచ్ఛికం?

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. హార్డీ నవలల్లో యాదృచ్ఛిక ఘటనలు లేవా? బోలెడు. పెళ్ళికి ముందు టెస్ తన గతమంతా రాసి ఏంజెల్ గది తలుపు కింద నుంచి తోసిన ఉత్తరం కార్పెట్ కిందికి జారిపోతుంది. అతను చదవనే లేదు. బండి కట్టిన గుర్రం ప్రిన్స్ చీకట్లో తపాలా బండి గుద్దుకుని చచ్చిపోతుంది. 1874 నాటి 'ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్'లో అనుభవం లేని కుక్క గేబ్రియల్ ఓక్ గొర్రెల్ని రాత్రికి రాత్రి తరుముకుపోయి సున్నపు గని గుంతలోకి దూకిస్తుంది.

ఈ ఘటనల తర్వాత ఏం జరిగిందో చూడాలి. ఓక్ ఆ గొర్రెల్ని అప్పు చేసి కొన్నాడు, ఇన్సూరెన్స్ చేయించలేదు. ఉన్నదంతా అమ్మి అప్పు తీర్చేసరికి ఒంటిమీద బట్టలు తప్ప ఏమీ మిగలవు. నిన్నటి రైతు ఇవాళ కూలీల సంతలో నిలబడతాడు. టెస్ కుటుంబానికి ఉన్న జీవనాధారం ఆ ఒక్క గుర్రం, అందుకే అది చచ్చిపోతే ఆమె అలెక్ ఇంటికి పనికి వెళ్ళాల్సి వస్తుంది. ప్రమాదాలు అందరికీ జరుగుతాయి. రెండో గుర్రం ఉన్నవాడికి అది నష్టం, లేనివాడికి జీవితమే మారిపోతుంది. హార్డీ ప్రతిసారీ ఆ తేడాని చూపించడం మర్చిపోడు.

ఇంకా ముఖ్యమైన సంగతి, హార్డీ స్వయంగా విధిని నమ్మినవాడు కాదు. డార్విన్ పుస్తకాన్ని మొదట్లోనే ఆహ్వానించినవాళ్ళలో తానొకడినని చెప్పుకున్నాడు, 1882లో డార్విన్ అంత్యక్రియలకి వెళ్ళాడు. 1866లో, ఇరవై ఆరేళ్ళ వయసులో రాసిన 'హ్యాప్' అనే కవితలో తన మనసు విప్పాడు. నా బాధ చూసి నవ్వే పగబట్టిన దేవుడు ఎవరైనా ఉంటే బాగుండేది, నాకంటే బలవంతుడే నన్ను కొట్టాడని సరిపెట్టుకునేవాణ్ణి, కాని అలాంటివాడు కూడా లేడు, గుడ్డి యాదృచ్ఛికమే ఉంది అంటాడు. పగబట్టిన శక్తి లేదన్నదే అతని దుఃఖం. దాన్ని మనం తిప్పి, ఆయన పగబట్టిన శక్తిని నమ్మాడని చెప్పుకుంటున్నాం.

ఈ అపార్థానికి ఎక్కువ కారణం 'టెస్' చివరి పేరా. ఉరి అయిపోయిందని చెబుతూ నల్లజెండా ఎగిరాక, అమరుల అధ్యక్షుడు టెస్‌తో తన ఆట ముగించాడని రాశాడు. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ నుంచి తీసుకున్న మాట అని అక్కడే చెప్పాడు కూడా. అందరూ ఆ అధ్యక్షుడినే పట్టుకున్నారు. అదే వాక్యం మొదట్లో 'న్యాయం' జరిగింది అని ఉంది, ఆ న్యాయం అనే పదానికి హార్డీ కొటేషన్ గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు ఎస్కిలస్ దేవుడికి పెట్టినవి కావు. ఆ అమ్మాయికి ఉరి వేసిన కోర్టుకి, జైలుకి పెట్టినవి. పదహారేళ్ళ వయసులో, 1856లో, డార్చెస్టర్ జైలు బయట మార్తా బ్రౌన్ అనే ఆవిడని ఉరితీస్తుంటే హార్డీ జనంలో నిలబడి చూశాడు. కొట్టే భర్తని చంపిన నేరం. ఆ దృశ్యాన్ని ముసలితనం దాకా మర్చిపోలేదు.

పత్రికలు కత్తిరించిన టెస్

హార్డీ చట్టాల గురించి ఇంత రాసినా పాఠకులకి ఎందుకు అందలేదు? ఒక కారణం, అతని నవలలు జనం దగ్గరికి చేరిన దారి. అప్పట్లో నవల మొదట పత్రికలో సీరియల్‌గా వచ్చేది, తర్వాత మూడు సంపుటాల పుస్తకంగా. ఆ మూడు సంపుటాల ధర ఒకటిన్నర గినీ, మామూలు ఇళ్ళవాళ్ళు కొనలేని ధర. అందుకని మ్యూడీ వంటి అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకునేవాళ్ళు. మ్యూడీ చందా ఏడాదికి ఒక గినీ. ఇంట్లో ఆడపిల్లల ముందు గట్టిగా చదివితే ఇబ్బందిపడే మాట ఏదీ ఉండకూడదని పత్రికలూ, లైబ్రరీలూ పట్టుబట్టేవి. వాటికి నచ్చనిది జనానికి చేరదు.

'టెస్'ని మొదట ఒప్పుకున్న టిలట్‌సన్ సంస్థ ప్రూఫులు చూసి 1889లో వెనక్కి తగ్గింది. మరో రెండు పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 'ది గ్రాఫిక్' వారపత్రికలో 1891 జులై నుంచి వచ్చింది, అదీ హార్డీ తన చేత్తో తానే కత్తిరించాక. అలెక్ టెస్‌ని చెరిచిన రాత్రిని తీసేసి, దొంగ పెళ్ళితో మోసపోయినట్టు మార్చాడు. బిడ్డని పూర్తిగా తొలగించాడు. బిడ్డ చనిపోతుంటే టెస్ తానే బాప్టిజం ఇచ్చే ఘట్టాన్ని వేరే పత్రికలో విడి కథగా అచ్చు వేయించాడు. నీళ్ళు నిండిన దారిలో ఏంజెల్ పాలు పితికే అమ్మాయిల్ని చేతులతో ఎత్తుకుని దాటించే చోట కూడా పత్రిక ఒప్పుకోలేదు, తోపుడు బండి పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది చివర పుస్తకం వచ్చినప్పుడు అన్నీ వెనక్కి చేర్చి, పేరు కింద 'పవిత్రమైన స్త్రీ' అని రాశాడు.

గొడవంతా ఆ ఉపశీర్షిక మీద నడిచింది. లండన్ విందుల్లో టెస్ తప్పు చేసిందా లేదా అని రెండు వర్గాలు. అతిథుల్ని ఆ అభిప్రాయాన్ని బట్టి విడదీసి కూర్చోబెడుతున్నానని ఒక డచెస్ హార్డీతోనే చెప్పిందట. టెస్ శీలం గురించి అంత మాట్లాడినవాళ్ళు టెస్ ఇల్లు గురించి మాట్లాడలేదు. ఫ్లింట్‌కూంబ్ అనే చోట పొలంలో ఆవిరి యంత్రం వేగానికి తగ్గట్టు తెల్లవారుజాము నుంచి పనలు విప్పి అందించే కూలీగా ఆమె ఒళ్ళు హూనమైన రోజు గురించీ మాట్లాడలేదు. పాలు పితికే చోట నుంచి రాత్రి రైలెక్కిన పాలు పొద్దున్నే లండన్ వాళ్ళ టేబుళ్ళ మీదకి చేరతాయని టెస్ ఆశ్చర్యపోయే చిన్న సంభాషణ ఉంది. ఆ విందు టేబుళ్ళకీ ఆమెకీ ఉన్న అసలు బంధం అది.

జూడ్‌కి వచ్చిన ఉత్తరం

హార్డీ విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. పదహారేళ్ళకి డార్చెస్టర్‌లో జాన్ హిక్స్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. పనికి వెళ్ళే ముందు తెల్లవారుజామున లేచి గ్రీకు చదువుకునేవాడు. కేంబ్రిడ్జ్‌లో చదివిన స్నేహితుడు హొరేస్ మూల్‌ని, గ్రీకు నాటకాలు చదవడం కొనసాగించనా అని అడిగితే, ఆర్కిటెక్టుగా బతకాలంటే పని మీదే దృష్టి పెట్టమన్నాడు. హార్డీ ఆ సలహా విన్నాడు. 1862లో లండన్ వెళ్ళి ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్ ఆఫీసులో పనిచేశాడు. ఐదేళ్ళకి ఆరోగ్యం చెడి ఇంటికి తిరిగొచ్చి నవల మొదలుపెట్టాడు. 1871లో వచ్చిన మొదటి నవల అచ్చుకి తానే 75 పౌండ్లు కట్టుకున్నాడు. మూడేళ్ళకి 'మ్యాడింగ్ క్రౌడ్' విజయం వచ్చాక ఆర్కిటెక్ట్ పని మానేసి, ఎమ్మా గిఫర్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు.

ఆ చదువు దొరకని బాధ 1895లో 'జూడ్ ది అబ్‌స్క్యూర్'గా బయటికొచ్చింది. జూడ్ ఫాలీ రాళ్ళు చెక్కే పనివాడు. సొంతంగా లాటిన్, గ్రీకు నేర్చుకుని, హార్డీ క్రైస్ట్‌మిన్‌స్టర్ అని పేరు మార్చి రాసిన ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్తాడు. కాలేజీ గోడలకి మరమ్మతు చేసే పని దొరుకుతుంది, లోపలికి ప్రవేశం దొరకదు. కాలేజీ పెద్దలకి ఉత్తరాలు రాస్తే ఒక్కరి నుంచి జవాబు వస్తుంది. నీ వృత్తిలోనే ఉండు, అందులోనే నీకు పైకొచ్చే అవకాశం ఎక్కువ అని. డిగ్రీలకి మతపరమైన షరతుల్ని 1871లోనే ఎత్తేశారు. డబ్బు, లాటిన్ ట్యూటర్లు, స్కూలు అనే షరతుల్ని ఎత్తేయడం ఏ చట్టం వల్లా కాలేదు.

జూడ్‌కి, అతను ప్రేమించిన స్యూకి తమ తమ మొదటి పెళ్ళిళ్ళ నుంచి వేర్వేరుగా విడాకులు వస్తాయి. ఇక్కడ చట్టం దారి ఇచ్చింది, సమాజం ఇవ్వలేదు. పెళ్ళి చేసుకోకుండా కలిసి ఉంటున్నారని తెలిసి చర్చిలో పది ఆజ్ఞల పలకల మీద అక్షరాలు దిద్దే పని తీసేస్తారు. స్యూని వదిలిపెట్టినందుకు ఆమె మొదటి భర్త టీచర్ ఉద్యోగం పోతుంది. ఊరూరా తిరిగి క్రైస్ట్‌మిన్‌స్టర్ చేరితే పిల్లలున్నారని అద్దె గదులు దొరకవు. దొరికిన గది కూడా మర్నాడే ఖాళీ చేయమంటారు. తమ వల్లే అమ్మానాన్నలకి ఇల్లు దొరకడం లేదని పెద్ద పిల్లవాడికి అర్థమవుతుంది. ఆ పిల్లవాడు తమ్ముణ్ణి, చెల్లెల్ని చంపి, తనూ ఉరేసుకుంటాడు. మేము మరీ ఎక్కువమంది ఉన్నాం కాబట్టి చేశామని తప్పుల స్పెల్లింగుతో చీటీ రాసి పెడతాడు. ఇంగ్లీషు నవలల్లో ఇంతకంటే భరించలేని పేజీ నాకు తెలియదు. అతిగా ఉందని, నమ్మశక్యంగా లేదని విమర్శకులు అంటూనే ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. కాని ఆ పేజీకి ముందు అధ్యాయంలో తలుపులు మూసిన ఇళ్ళని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ చదివితే, ఆ పిల్లవాడి మెదడులోకి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

వేక్‌ఫీల్డ్ బిషప్ ఈ పుస్తకాన్ని మంటల్లో వేశానని పత్రికకి ఉత్తరం రాశాడు. డబ్ల్యు.హెచ్. స్మిత్ సంస్థ నడిపే అద్దె లైబ్రరీ నుంచి కూడా ఆ బిషప్పే పుస్తకాన్ని తీయించాడు. ఎమ్మాకి కూడా ఆ నవల నచ్చలేదు, ఆ ఇంట్లో అప్పటికే మాటలు తగ్గాయి. హార్డీ ఆ తర్వాత కొత్త నవల రాయలేదు. 1912లో చేర్చిన ముందుమాటలో, జూడ్ మీద వచ్చిన తిట్లు నవలలు రాసే కోరికనే నయం చేశాయని చెప్పుకున్నాడు. అది పూర్తి కారణం కాదని నా నమ్మకం. మొదటినుంచీ అతనికి కావాల్సింది కవిత్వం. 1891లో అమెరికా కాపీరైటు చట్టం మారడంతో 'టెస్' నుంచి అక్కడి డబ్బు కూడా రావడం మొదలైంది. రాబడి కోసం నవల రాయాల్సిన అవసరం తీరింది. 1898లో మొదటి కవితా సంపుటి తెచ్చి, మిగిలిన ముప్ఫై ఏళ్ళూ కవిగానే బతికాడు. దాదాపు 950 కవితలు. 1912లో ఎమ్మా చనిపోయాక ఆమె కోసం రాసినవి వాటిలో అన్నిటికంటే గొప్పవి.

అదే 1912 ముందుమాటలో ఇంకో రెండు మాటలున్నాయి. వాటిని ఎవరూ అండర్‌లైన్ చేసుకోరు. 'జూడ్'లో విషాదాన్ని నడిపే యంత్రంగా చాలావరకు వివాహ చట్టాల్ని వాడుకున్నానని హార్డీ తన నోటితోనే చెప్పాడు. పెళ్ళి ఇద్దరిలో ఏ ఒక్కరికైనా క్రూరత్వంగా మారిన మరుక్షణం అది రద్దయ్యే వీలుండాలని కూడా అన్నాడు. 1899లో శ్రామికుల కోసం ఆక్స్‌ఫర్డ్‌లో రస్కిన్ కాలేజీ పెట్టినప్పుడు, దానికి జూడ్ పేరు పెట్టాల్సిందని కొందరు పాఠకులు అన్నారని కూడా రాసుకున్నాడు.

హార్డీ 1928 జనవరి 11న, ఎనభై ఏడేళ్ళ వయసులో చనిపోయాడు. అప్పటికి ఆయన కథల్ని మోసిన స్తంభాల్లో రెండు పడిపోయాయి. భర్త వ్యభిచారం ఒక్కటే ఆధారంగా భార్య కూడా విడాకులు కోరవచ్చని 1923లో చట్టం వచ్చింది. గ్రేస్ మెల్‌బరీ తండ్రి లండన్ నుంచి ఒట్టి చేతులతో తిరిగి రావాల్సిన అవసరం ఇక లేదు. 1925 ఆస్తి చట్టం ప్రాణాల మీద రాసుకున్న కౌళ్ళని తొంభై ఏళ్ళ కౌళ్ళుగా మార్చేసింది. తండ్రి ఊపిరితో పాటు ఇంటి గడువు దానంతటదే తీరిపోయే పద్ధతి అక్కడితో పోయింది. క్రూరత్వం, వదిలేసి పోవడం కూడా విడాకులకి విడివిడిగా కారణాలయ్యే చట్టాన్ని పార్లమెంటు 1937లో చేసింది, హార్డీ పోయిన తొమ్మిదేళ్ళకి.